పిల్లకు పేరు పెట్టే ముందు: మస్తాన్ వలి నుంచి అయాన్ దాకా

కంభం, మార్కాపురం, గిద్దలూరు వైపు ఏ ముస్లిం ఇంటి రేషన్ కార్డు తీసి చూసినా మూడు తరాల పేర్లు మూడు రకాలుగా కనిపిస్తాయి. తాత పేరు మస్తాన్ వలి, ఖాసిం పీరా, నాగూర్ మీరా. తండ్రి పేరు జాకీర్ హుసేన్, రియాజ్, ఇంతియాజ్. మనవడు అయాన్, రెహాన్, జిదాన్. ఆడవాళ్ల వైపు చూస్తే దాదీ హుసేన్ బీ, అమ్మ షబానా, పాప ఇనాయా. ఒకే ఇల్లు, ఒకే మసీదు, అయినా పేర్లు చూస్తే మూడు వేర్వేరు ఊళ్ల వాళ్లా అనిపిస్తుంది.

కాన్పు అయిన వారంలోనే ఇంట్లో మాటలు మొదలవుతాయి. దాదీ తన మొక్కు గుర్తుచేస్తుంది. మామూ హదీసుల్లో ఉన్న పేరే పెట్టమంటాడు. తల్లి ఫోన్లో చూసి పెట్టుకున్న పేరు బయటికి చెప్పడానికి మొహమాటపడుతుంది. ఫుప్పుకు పేరు పెట్టే హక్కు తనదేనని పట్టుదల. నలుగురూ ఒక మాట మీదికి వచ్చేలోపు ఆసుపత్రి కాగితంలో "బేబీ ఆఫ్ షేక్..." అని రాసేసి పంపిస్తారు. ఆ "బేబీ ఆఫ్" ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయి బడిలో చేర్చే రోజు బయటపడటం ఈ వైపు చాలా ఇళ్లలో జరిగేదే.

పాత పేర్లు ఎక్కడివి

ముందు పాత పేర్ల సంగతి. ఇప్పటి పిల్లలు "ఊరి పేర్లు" అని నవ్వుకునే వాటి వెనక పెద్ద కథే ఉంది. కంభం చుట్టుపక్కల వినిపించే గౌస్, దస్తగిరి, మహబూబ్ సుభానీ, ఖాదర్ వలి... ఇవన్నీ చూడటానికి వేరు వేరు పేర్లు. కానీ అన్నీ ఒక్కరివే. బాగ్దాదులో 1166లో కన్నుమూసిన హజ్రత్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదులూ పేరూ ఇలా విడివిడిగా మన ఇళ్లలోకి వచ్చాయి. దస్తగీర్ అంటే ఫార్సీలో చేయి పట్టుకుని ఆదుకునేవాడు. గౌస్ అంటే సాయానికి వచ్చేవాడు.

నాగూర్ అనే పేరు తమిళనాడులోని నాగపట్టణం దగ్గరి నాగూరు దర్గాది. అక్కడి షాహుల్ హమీద్ వలీ 16వ శతాబ్దం వారు. మస్తాన్ అనే పేరు వినగానే ఈ ప్రాంతం వారికి నెల్లూరు జిల్లా కసుమూరు దర్గా, గుంటూరు మస్తాన్ దర్గా గుర్తుకొస్తాయి. మస్తాన్ అంటే దైవ ప్రేమలో ఒళ్లు మరిచినవాడు అని. నాయబ్ రసూల్, రహమతుల్లా అనే పేర్ల వెనక నెల్లూరు జిల్లా ఏ.ఎస్. పేట దర్గా ఉంది. ఖాజా అంటే అజ్మీరు. సైదులు, జాన్ సైదా అంటే ఇప్పటి సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్. మౌలాలి అంటే హైదరాబాదు మౌలా అలీ గుట్ట. హుసేన్, ఖాసిం పేర్లు మొహర్రం నుంచి, పీర్ల చావిడి నుంచి వచ్చినవి.

అంటే ఒక ఊళ్లోని పాత పేర్లన్నీ రాసి పెట్టుకుంటే, ఆ ఊరి వాళ్లు ఏ దర్గాలకు నడిచి వెళ్లారో, ఎక్కడ మొక్కుకున్నారో తెలిసిపోతుంది. ఈ పేర్లు ముస్లింల ఇళ్లకే పరిమితం కాలేదు. మస్తానయ్య, మస్తానమ్మ, దస్తగిరమ్మ, హుసేనయ్య, సైదమ్మ అనే పేర్లతో హిందువులు కూడా పల్లెల్లో బోలెడు మంది. సంతానం కోసం దర్గాకు మొక్కుకున్నవాళ్లు ఆ పేరే పెట్టుకున్నారు. మన వైపు నుంచి హుసేన్, వాళ్ల వైపు నుంచి అయ్య. రెండూ కలిసి ఒక పేరు.

పెద్ద, చిన్న అనేవి కూడా తెలుగు అలవాటే. ఒకే వలీ పేరు ఇద్దరు పిల్లలకు పెడితే ఒకడు పెద్ద మస్తాన్, ఇంకొకడు చిన్న మస్తాన్. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా పేరులో ఉన్న "చిన" ఇలాంటిదే. 1977లో పద్మశ్రీ అందుకున్నప్పుడు కూడా ఆయన ఆ "చిన"ను తీసేయలేదు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊరి పేర్లని చిన్నచూపు చూసేవాళ్లు ఈ మూడు పేర్లనూ ఒకసారి తలుచుకోవచ్చు.

ఇంకో సంగతి. అత్త పేరు కోడలు నోటితో పలకకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లలో మనవరాలికి దాదీ పేరు పెట్టి, పిలవడానికి మాత్రం అమ్మాజాన్ అనో, మున్నీ అనో వేరే పేరు వాడతారు. కాగితం మీద ఒక పేరు, ఇంట్లో ఒక పేరు అనే పద్ధతి కొత్తగా వచ్చింది కాదు.

దీన్ ఏం అంటోంది

తబ్లీగ్ జమాత్ రాకపోకలు, మదర్సా చదువులు, గల్ఫ్ ఉద్యోగాలు పెరిగాక వలీల పేర్ల నుంచి జనం సహాబాల పేర్ల వైపు, ఖుర్ఆన్‌లోని పేర్ల వైపు మళ్లారు. ఉమర్, ఉస్మాన్, హంజా, సుమయ్యా, అస్మా, ఖదీజా అనే పేర్లు ఒకప్పుడు ఈ వైపు పల్లెల్లో తక్కువ. ఇప్పుడు ప్రతి తరగతిలో ఉన్నాయి.

హదీసుల్లో పేర్ల గురించి ఉన్నవి మన వాళ్లు అనుకునేదానికంటే తేలికగా ఉంటాయి. అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అనే పేర్లు అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని సహీహ్ ముస్లింలో ఉంది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం కొందరి పేర్లు మార్చారు. ఆసియా అనే ఒక స్త్రీ పేరుకు, అరబ్బీలో ఐన్ అక్షరంతో రాస్తే, మాట విననిది అని అర్థం వస్తుంది. ఆమెకు జమీలా అని పెట్టారు. (ఫిరౌన్ భార్య ఆసియా పేరు వేరే అక్షరాలతో రాస్తారు, అది మంచి పేరే. తెలుగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ మాట.) బర్రా అంటే పుణ్యాత్మురాలు. తన్ను తాను పొగుడుకున్నట్టు ఉంటుందని దాన్ని జైనబ్ చేశారు. హజ్న్ అనే ఆయన పేరుకు అర్థం గరుకు నేల. సహ్ల్, అంటే మెత్తన, అని మార్చుకోమన్నారు. నాన్న పెట్టిన పేరు మార్చుకోనన్నాడాయన. ఆ గరుకుతనం మా ఇంట్లో తర్వాత కూడా పోలేదని ఆయన మనవడు సయీద్ బిన్ ముసయ్యిబ్ చెప్పుకున్నట్టు బుఖారీలో ఉంది.

వీటిలో చూడాల్సింది ఏమిటంటే, మార్చినవన్నీ అర్థం బాగాలేని పేర్లు, గొప్పలకు పోయే పేర్లు. ఇస్లాంకు ముందు నుంచి ఉన్న ఉమర్, బిలాల్ లాంటి పేర్లను అలాగే ఉంచారు. పేరు అరబ్బీదే కావాలనే షరతు కూడా లేదు. మన దాదీలు, నానీలు "పాత ముస్లిం పేర్లు" అనుకునే పర్వీన్, నస్రీన్, షహనాజ్, ఫిరోజ్ అన్నీ ఫార్సీ పేర్లు. పర్వీన్ అంటే కృత్తికా నక్షత్రాలు, నస్రీన్ ఒక రకం అడవి గులాబీ. ఇవి కూడా ఒకనాడు కొత్త పేర్లే. ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించిన స్త్రీ ఒక్క మర్యమే, సహాబీ ఒక్క జైదే. ఇప్పటి పిల్లలకు ఎక్కువగా పెడుతున్న రయ్యాన్ అంటే ఉపవాసాలు ఉన్నవారు జన్నత్‌లోకి వెళ్లే ద్వారం. అంటే "మోడ్రన్" అనిపించే పేరు హదీసుల్లోదే కావచ్చు, "పాతది" అనిపించేది ఇరాన్ తోటలోంచి వచ్చింది కావచ్చు.

జాగ్రత్త పడాల్సినవి రెండు మూడు. రహ్మాన్, ఖాలిఖ్, రజ్జాఖ్ లాంటివి అల్లాహ్‌కే చెందిన పేర్లు. మనిషికి పెట్టేటప్పుడు ముందు అబ్దుల్ ఉండాలి. బడిలో హాజరు పట్టీలో "అబ్దుల్" ఇంటిపేరు గడిలోకి, "రహ్మాన్" పేరు గడిలోకి వెళ్లిపోతాయి, మాస్టారు "రహ్మాన్" అని పిలుస్తారు. లేకపోతే "అబ్దుల్" అని పిలుస్తారు. అబ్దుల్ అంటే "ఫలానా వారి దాసుడు" అనేదాంట్లో సగమే, దానికదే పేరు కాదు. కాబట్టి అబ్దుర్రహ్మాన్ అని కలిపి ఒకే మాటగా రాయించడం మంచిది. ఇక గులాం నబీ, అబ్దుల్ రసూల్, పీర్ల పేర్ల విషయంలో ఉలమాలలోనే తేడాలున్నాయి. ఏ మస్లక్ వారు ఆ మస్లక్ హజ్రత్‌ను అడుగుతారు. మొక్కు పేరు పెట్టిన ముసలామెను ఆ పేరుతో వెక్కిరించడం మాత్రం ఏ మస్లక్‌లోనూ లేదు.

అఖీఖా దాకా ఆగాలా?

ఇదే అసలు చిక్కు. ఏడో రోజు అఖీఖా, తల వెంట్రుకలు తీయడం, పేరు పెట్టడం హదీసుల్లో కలిసి ఉన్నాయి. మగపిల్లాడికి రెండు మేకలు, ఆడపిల్లకు ఒకటి. కూలీ చేసుకునే ఇంట్లో ఏడో రోజుకు రెండు మేకలు, చుట్టాలకు దావత్ అంటే మాటలు కాదు. అందుకని అఖీఖా వాయిదా పడుతుంది. దాంతోపాటు పేరు కూడా వాయిదా పడుతుంది. "అఖీఖా కాలేదు, పేరెలా పెడతాం" అంటారు.

కానీ పేరు ఏడో రోజు దాకా ఆపాలనే నియమం లేదు. ప్రవక్త తన కొడుకు ఇబ్రాహీంకు పుట్టిన రాత్రే పేరు పెట్టినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. మేకల లెక్క వేరు, పేరు లెక్క వేరు. డబ్బు చేతికి వచ్చాక అఖీఖా చేసుకోవచ్చు. పేరు మాత్రం ముందే ఖాయం చేసి కాగితంలో ఎక్కించుకోవచ్చు.

చట్టం ప్రకారం ఇలా ఉంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు లేకుండా నమోదైతే, నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరును ఉచితంగా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు లేట్ ఫీజు కట్టి చేర్చుకోవచ్చు. ఈ చట్టానికి 2023లో చేసిన సవరణ అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజున, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఓటుకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పాస్‌పోర్టుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ, చోటు రుజువుగా జనన ధ్రువపత్రమే ఆధారం. ఇదివరకటిలా టీసీ చూపించి, ఇంకేదో చూపించి గట్టెక్కే రోజులు ఈ పిల్లలకు ఉండవు. ఒకసారి ఎక్కిన పేరును ఇష్టం మారిందని తీసేసి ఇంకోటి పెట్టించుకోవడం అంత తేలిక కాదు. తప్పులు దిద్దడానికి చట్టంలో వీలుంది కానీ, తప్పు వేరు, మనసు మార్చుకోవడం వేరు.

ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. పదో తరగతి మెమోలో పడ్డ పేరు మార్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అపార్ ఐడీ వచ్చాక బడి రికార్డులో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. Aయో Eయో తేడా వస్తే సచివాలయం, ఆధార్ సెంటర్, బడి మధ్య తిరగాల్సిందే, ఆ రోజుల కూలీ పోగొట్టుకోవాల్సిందే.

స్పెల్లింగే సగం సమస్య

మన పేర్లు మూడు లిపులు దాటి వస్తాయి. ఉర్దూలో పుట్టి, తెలుగులో పలికి, ఇంగ్లీషులో రాయబడతాయి. ఉర్దూలో జ శబ్దానికి నాలుగైదు అక్షరాలు ఉంటే తెలుగులో ఒక్క జ. దాన్ని ఇంగ్లీషులో ఒకరు జెడ్‌తో, ఒకరు జేతో రాస్తారు. అన్న జెడ్‌తో జాకీర్, తమ్ముడు జేతో జబీర్. దక్ఖనీలో ఖాఫ్ అక్షరాన్ని ఖ అని పలుకుతాం కాబట్టి, ఖాదిర్, ఖాసిం ఇంగ్లీషులో క్యూకు బదులు కేహెచ్‌తో పడిపోయాయి. షేక్ అనే ఒక్క మాటకే అయిదారు స్పెల్లింగులు ఉన్నాయి. బాషా అనేది పాద్‌షా నుంచి వచ్చింది, దాన్ని "భాషా" అని రాస్తే తెలుగు వాచకంలా ఉంటుంది.

మహమ్మద్‌ను ఎం.డి. అని, షేక్‌ను ఎస్.కె. అని కురచ చేయడం ఈ వైపు పాత అలవాటు. తెలంగాణ కథకుడు షేక్ యూసుఫ్ బాబా ఆ పొడి అక్షరాలనే కలిపి స్కైబాబ అని కలం పేరు చేసుకున్నారు. అది ఆయనకు నప్పింది. అందరికీ కుదరదు. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు పనికిరావు, పూర్తి పేరు విప్పి రాయాలి. అప్పుడు ఎం.డి. ఏ మహమ్మద్ అవుతుందో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటే తిప్పలు.

గల్ఫ్ వెళ్లే ఇళ్లకు ఇంకో మాట. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే ఒక్క పేరు ఉండి రెండో గడి ఖాళీగా ఉన్నవారికి విజిట్ వీసా మీద ప్రవేశం ఉండదని చెప్పింది. ఇంటిపేరు గడి ఖాళీ వదిలేసి "ఖాసింబీ" అని ఒక్క మాటే రాయించుకున్నవాళ్లకు ఇలాంటి నిబంధనే అడ్డం పడుతుంది. పిల్ల పేరు రెండు మాటలుగా, ఇంటిపేరు స్పష్టంగా తెలిసేలా రాయించడం మేలు.

ఇంటిపేరు అంటే గుర్తొచ్చింది. పేరు ముందు షేక్ ఉంటే చాలు బీసీ-ఈ వచ్చేస్తుందని, అది తీసేస్తే పోతుందని కొందరు అనుకుంటారు. 2007 చట్టం కింద 14 వర్గాల ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది, షేక్‌లు అందులో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్‌లు లేరు. దూదేకుల, నూర్‌బాషా వారిది బీసీ-బి. అయితే సర్టిఫికెట్ ఇచ్చేది పేరు చూసి కాదు, రెవెన్యూ వాళ్ల విచారణ చూసి. అలాగని మోజు కొద్దీ పిల్ల పేరుకు ముందు షేక్ తీసేసి, తండ్రి కాగితాల్లో షేక్, పిల్ల కాగితాల్లో ఇంకోటి ఉంటే, ఆ విచారణలో జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

కొత్త పేర్లు, కొత్త భయాలు

కొత్త పేర్ల మోజు వెనక సినిమాలు, సీరియళ్లు, ఫోన్లు మాత్రమే లేవు. చదువుకుని హైదరాబాదు, బెంగళూరు వెళ్లే పిల్లలకు అక్కడ అద్దె ఇల్లు వెతికేటప్పుడు పేరు చెప్పగానే అవతలి గొంతు మారడం తెలుసు. అందుకే కొందరు తల్లిదండ్రులు వినగానే ముస్లిం అని తేలిపోని పేర్ల కోసం చూస్తున్నారు. ఈ మాట దాదీల ముందు ఎవరూ చెప్పరు. "పేరు స్టైల్‌గా ఉంటుందని" అంటారు. దాదీలకూ అర్థమవుతుంది. ఇందులో తప్పెవరిదో పేరు పెట్టే తల్లిని అడగడం న్యాయం కాదు. అయితే ఇంటిపేరు గడిలో షేక్ ఉన్నాక, పేరు గడిలో ఏముంటే ఏం అనేది కూడా నిజమే.

అలా రెండు వైపులా నప్పే పేర్లు మన భాషల్లోనే దొరుకుతాయి. సమీర్ అంటే సంస్కృతంలో గాలి, అరబ్బీలో రాత్రిపూట కబుర్ల తోడు. ఆమని తెలుగులో వసంతం, అరబ్బీలో అమానీ అంటే కోరికలు. మల్లికా ఇక్కడ మల్లె, అక్కడ మలికా అంటే రాణి. సితార ఉర్దూలో నక్షత్రం, తెలుగువాళ్లకూ చెవికి ఇంపే.

కొన్ని పేర్లు మాత్రం తెలుగు బడిలో ఇబ్బంది పెడతాయి. నాసిర్ అంటే సాయపడేవాడు, మంచి పేరు. కానీ తరగతిలో "నాసిరకం" అని ఏడిపించేవాడు ఒకడు ఉంటాడు. అనస్ గొప్ప సహాబీ పేరు, పిల్లలు "అనాస పండు" అంటారు. అందుకని ఆ పేర్లు మానేయమని కాదు. అర్థం, ఆ పేరు పెట్టుకున్న పెద్దల కథ పిల్లాడికి చిన్నప్పుడే చెప్పి ఉంచితే వాడే జవాబు చెప్పుకుంటాడు.

ఇంటర్నెట్‌లో దొరికే అర్థాలను నమ్మడంలో మాత్రం జాగ్రత్త. ఒక సైటులో "జన్నత్ పువ్వు" అని, ఇంకో సైటులో "యువరాణి" అని ఉంటుంది, డిక్షనరీలో ఆ మాటే ఉండదు. జోయా ఉర్దూ పేరని చాలామంది అనుకుంటారు, నిజానికి జీవితం అనే అర్థంతో గ్రీకు నుంచి రష్యన్‌లోకి వచ్చిన పేరు అది. అర్థం మంచిదే కాబట్టి అభ్యంతరం లేదు, కానీ తెలిసి పెట్టుకోవాలి. ఖుర్ఆన్ తెరిచి వేలు పడ్డ చోట ఉన్న మాటను పేరుగా పెట్టేవాళ్లూ ఉన్నారు. ఖుర్ఆన్‌లో ఫిరౌన్ పేరూ ఉంది, అబద్ధాలాడేవాళ్ల ప్రస్తావనా ఉంది. ప్రతి మాటా పేరు కాదు. మీ మసీదు ఇమాం సాబ్‌ను పేరు ఉర్దూలో రాసి చూపించమనండి, అయిదు నిమిషాల పని. ఆ రాసిన కాగితం పక్కనే ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా ఖాయం చేసుకుని, ఆసుపత్రిలో, పంచాయతీలో, ఆధార్‌లో అదే ఇవ్వండి.

దాదీ మాట, తల్లి మాట రెండూ నిలబెట్టే దారి కూడా కొన్ని ఇళ్లలో కనిపిస్తోంది. రయ్యాన్ ఖాదర్, ఇనాయా ఫాతిమా అని రెండు పేర్లూ కలిపి కాగితంలో ఎక్కిస్తున్నారు. మరీ పొడుగు పెట్టుకోకండి. షేక్, మహమ్మద్, అబ్దుల్, ఇంకో రెండు పేర్లు కలిస్తే ఓఎంఆర్ షీటులో గడులు చాలవు.

ఇంట్లో 15 ఏళ్ల లోపు పిల్లలు ఎవరికైనా జనన ధ్రువపత్రంలో పేరు గడి ఇంకా ఖాళీగా ఉంటే, జననం ఎక్కడ నమోదైందో ఆ పంచాయతీ లేదా మున్సిపాలిటీలో పేరు చేర్పించుకోవచ్చు. ఏ కాగితాలు పట్టుకెళ్లాలో మీ గ్రామ, వార్డు సచివాలయంలో ముందే కనుక్కోండి. బడి రికార్డులో, ఆధార్‌లో ఇప్పటికే ఉన్న పేరు, అదే స్పెల్లింగ్‌తో రాయించండి.